ఎర్రదారం చుట్టిన చిరుగు

ఆవిడ ప్రార్థనా మందిరంలోకి దూరి, దేవుడి ముందున్న తెరను నిలువునా చింపి కాళ్ళకింద వేసి తొక్కిందట. నోటికొచ్చినన్ని తిట్టిందట. కుళాయి దగ్గర పుట్టిన ఆ మాట బస్సెక్కి నాలుగు వీధులు దాటేసరికి తెరకు నిప్పు కూడా అంటుకుంది. అంతటి మనిషిని చూసిపోదామని వచ్చినవాళ్ళు, ఆవిడ ఇంటికి తాళం వేసిన తలుపును కాసేపు చూసి వెళ్ళారు.

అక్క గురించి చెల్లెలు ఇవన్నీ వింది. ఎదురు చెప్పడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు. ఆ పని ఎప్పుడూ అక్కదే.

అక్క పెద్దాసుపత్రి లాండ్రీలో చిరిగిన దుప్పట్లు కుట్టేది. చెల్లెలు అదే గదిలో ఇస్త్రీ చేసి మడతలు పెట్టేది. ఆవిరికి గోడలు కూడా చెమటలు పట్టే గది అది. అక్క బల్ల కిటికీ పక్కన. ప్రతి దుప్పటినీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసేది. చిరుగు కనబడితే ముందు దాని చుట్టూ ఎర్రదారంతో పెద్ద పెద్ద కుట్లు వేసి, ఆ తర్వాతే తెల్లదారం సూదికి ఎక్కించేది. ఉతికి వచ్చాక కుట్టు నిలిచిందని చూసుకుని అప్పుడు ఎర్రదారం లాగేసేది.

"దుప్పట్లకు మార్కులు వేస్తున్నావా తల్లీ? ఇవాళ ఎంతమంది తప్పారు?" అని సూపర్‌వైజర్ ఆటపట్టించేవాడు. కనబడకుండా కుట్టేస్తే మళ్ళీ ఎక్కడ చిరుగుతుందో ఎలా తెలుస్తుందండీ అని అక్క తల ఎత్తకుండానే అనేది. లాండ్రీలో ఆమెకు 'ఎర్రదారం' అన్నదే పేరైపోయింది. ఆమె నాలుగేళ్ళ కూతురు కూడా ఒకసారి అమ్మను అలాగే పిలిచి, అందరూ నవ్వితే సిగ్గుపడి బల్లకింద దూరింది.

భర్త పోయాక అక్కకు ఆ పిల్లే లోకం. జ్వరమని అదే ఆసుపత్రిలో చేర్చారు. పదకొండు రోజులు ఉంది. పన్నెండో రోజు పోయింది.

పలకరింపుకు వచ్చిన మందిరం పెద్దాయన, తల్లి చేసిన పాపమే పిల్లకు తగిలిందని అందరి ముందూ అన్నాడు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరూ నోరు మెదపలేదు. చెల్లెలూ మెదపలేదు. అప్పుడు ఊరుకున్నానన్నది ఆమెను ఇప్పటికీ తింటోంది. అక్క పెద్దాయన ముఖంలోకి చూసింది. మూడోనాటి మధ్యాహ్నం ఒక్కతే మందిరానికి వెళ్ళింది. తలుపు వెనక ఊడుస్తున్న కాపలాదారు ఆమె తెర ముందు నిలబడి మాట్లాడింది విని, వెళ్ళి పెద్దాయనకు చెప్పాడు. సాయంత్రానికి ఫిర్యాదు, మర్నాడు పొద్దున్నే పోలీసులు. దైవదూషణ చట్టం అన్నారు.

వకీలుగారు మాత్రం ధీమాగా ఉన్నాడు. తెర చింపిందన్న మాట ఫిర్యాదులోనే లేదట. ఇక తిట్టిన సంగతికి కాపలాదారు ఒక్కడే సాక్షి. వాడేమో ఆ మాటలు నోటితో పలికితే తనకూ పాపమని బిగుసుకు కూర్చున్నాడు. ఫిర్యాదులో కూడా ఆ చోట 'రాయకూడని మాటలు' అని మాత్రమే ఉంది. ఏమందో తెలియకుండా శిక్ష వేయడం కుదరదు. ఆవిడ ఏమీ అనలేదంటే చాలు, ఇంటికి పంపేస్తారని చెప్పాడు.

చెల్లెలు జైలుకు పరిగెత్తింది. ఇనుప జాలీకి అవతల అక్క, ఎవరిదో వదులు జాకెట్టు తొడుక్కుని కూర్చుంది.

"ఏమీ అనలేదని చెప్పక్కా. ఒక్క మాట. ఇంటికొచ్చేద్దువుగాని."

"అన్నానుగా."

"అన్నావులే. ఎవరికి తెలుసు?"

"ఎవరితో అన్నానో వాడికి తెలుసు."

చెల్లెలు ఏడ్చింది. ఒక్కదాన్నే ఇంట్లో ఉండలేకపోతున్నానంది. పిల్ల గౌను ఇంకా తీగమీదే ఉంది, తియ్యడానికి చెయ్యి రావడం లేదంది. అక్క జాలీలోంచి రెండు వేళ్ళు బయటపెట్టి ఆమె వేళ్ళు పట్టుకుంది.

"దాన్ని బతికించుకోలేకపోయాను. దానికోసం అడిగింది అదొక్కటే. అదీ అడగలేదని చెప్పమంటావా, పిచ్చిపిల్లా?"

కోర్టులో కాపలాదారు తల వంచుకుని నిలబడ్డాడు. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. జడ్జిగారు విసుగెత్తి అక్క వైపు తిరిగి, ఆ రోజు ఏమన్నావమ్మా అని అడిగాడు. వకీలు తల అడ్డంగా ఊపుతున్నాడు. చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది.

అక్క లాండ్రీలో దుప్పట్ల నంబర్లు చదివే గొంతుతోనే చెప్పింది.

"నీకు కళ్ళున్నాయనుకున్నాను అన్నానండీ. పిల్ల దాహం దాహం అంటుంటే వార్డు ఆయా లేచి నీళ్ళు పట్టింది, నువ్వు లేవలేదు అన్నాను. నాలుగేళ్ళ పిల్లలో నా పాపం వెతికావంటే, నీకంటే ఆ ఆయా నయం అన్నాను. అంతేనండీ."

కాపలాదారు చెవులు మూసుకున్నాడు. అవే మాటలా అని అడిగితే, చెవుల మీద చేతులు తియ్యకుండానే అవునని తల ఊపాడు.

మూడేళ్ళు వేశారు.

తర్వాత వారం చెల్లెలు మందిరానికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ప్రార్థన అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. తెర వేలాడుతోంది. కాలలేదు, చిరగలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే కింది అంచున అరచేయంత మేర పాత కుట్టు, దాని చుట్టూ ఎర్రదారం.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు కాపలాదారే ఆ తెరను సంచిలో పెట్టుకుని లాండ్రీకి తెచ్చాడు, ఎలుకలు కొట్టాయని. అక్క నాలుగు రోజులు మధ్యాహ్నం అన్నం వేళలో కూర్చుని కుట్టింది. ఉతికాక ఒకసారి తెచ్చి చూపించు అన్నా, ఎర్రదారం తీసేస్తానని చెప్పి పంపింది.

ఆ తెరను ఇంకా ఉతకలేదు.