సదయ్య కాక కట్టిన సీట్లు

సదయ్య కాక గనిలో, మా మాటలో బాయిలో, టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఉద్యోగమంతా కప్పు కిందనే గడిపిన ఆ మనిషి రిటైర్మెంటు దగ్గరపడగానే కప్పు లేని కారు కొన్నాడు. మా క్వార్టర్ల లైనంతా నవ్వింది. ఆయనకు మాత్రం అందులో నవ్వవలసింది ఏమీ కనిపించలేదు.

మా దగ్గర ఎవరైనా రిటైరైతే ఊరికే ఇంటికి రారు. ఆఖరి షిఫ్టు దిగి పైకి రాగానే తోటివాళ్ళు దండలేసి, బ్యాండు పెట్టి, గని గేటు నుంచి క్వార్టరు దాకా ఊరేగిస్తారు. పైన తెరిచి ఉన్న జీపు ఒకటి కిరాయికి తెస్తారు. భార్యను గేటు దగ్గరికి పిలిపించి పక్కన కూర్చోబెడతారు. ఇన్నేళ్ళూ తెల్లవారకముందే లేచి అన్నం డబ్బా కట్టి పంపినందుకు ఆమెకు కూడా ఆ ఒక్కరోజు ఒక దండ పడుతుంది. సదయ్య కాక ఎంతోమందిని అట్లా జీపెక్కించాడు. తన వంతు వచ్చేసరికి కిరాయి జీపు వద్దన్నాడు. సొంత కారులో రావాలి, పక్కన భార్య అనసూర్య చిన్నమ్మ ఉండాలి. పక్క క్వార్టరులో పుట్టి పెరిగాను, ఆయన నోట ఇంకో కోరిక నేను వినలేదు.

కారు జ్యోతినగర్‌లో ఉండే నరసింహమూర్తి అనే ఇంజనీరుది. ఆయన మామగారి కాలం నాటిది, ఎర్రది, రెండే తలుపులు, రెండే సీట్లు. ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. కోస్తా వైపు బదిలీ కావడంతో అమ్మకానికి పెట్టాడు. తాళం చేతిలో పెడుతూ, "ఇందులో కూర్చుంటే రోడ్డు మీద కూర్చున్నట్టే ఉంటుంది సదయ్యగారూ. స్పోర్ట్స్ కారుకు అదేనండీ అందం" అన్నాడట. కాక ఆ మాటను మెప్పుగా తీసుకుని వచ్చాడు.

ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి కారు దిగిన సాయంత్రం, లైనంతా చూస్తుండగా కాక తలుపు తెరిచి, భుజం మీది తువ్వాల సీటు మీద పరిచి, "కూసో అనసూర్యా" అన్నాడు. చిన్నమ్మకు మోకాళ్ళ నొప్పులు. అయినా కూర్చుంది. సీటులో ఏమీ మిగల్లేదేమో, ఆమె కిందికి దిగుతూనే పోయింది. చివరకు బయటికి కొప్పు మాత్రం కనిపించింది. లేవడానికి పట్టు దొరకలేదు. ఒక చెయ్యి నేను పట్టుకున్నాను, ఇంకో చెయ్యి ఎదురింటి రాజకుమారి పట్టుకుంది. వెనక నుంచి కాక దోస్తు పోశం నెట్టాడు.

"ఏందొదినా, కార్ల కూసున్నవా, బాయిల దిగినవా?" అంది రాజకుమారి. "లాంపు తేవాల్నా?"

నవ్వులు ఆగాక చిన్నమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఇగో చెప్తున్న. నువ్వు రిటైరైన్నాడు నీ ఎనక నడుసుకుంట వస్త. గిండ్ల మాత్రం కూసోను" అని లోపలికి వెళ్ళిపోయింది.

కాక మర్నాడు షిఫ్టు దిగి వచ్చి, కారు మీద తాటిపత్రి పట్టాను పందిరిలా కట్టి, సీట్లు విప్పడం మొదలుపెట్టాడు.

సీట్ల లోపల కొబ్బరి పీచు పొడి పొడిగా రాలింది. ఎలుకలు కాపురం చేసి పోయినట్టున్నాయి. తోలు ముట్టుకుంటే అప్పడంలా విరిగింది. కాక ఆ తొడుగులను జాగ్రత్తగా మడిచి నా దగ్గరికి తెచ్చాడు. ఇంటర్‌లో చదువు ఆగిపోయిన దగ్గర నుంచి మా లైనులో జాకెట్లు, లంగాలు నేనే కుడుతున్నాను.

"బిడ్డా, గిది కుడ్తవా?"

"నాకు జాకెట్లే వచ్చు కాకా."

"గిదిగుడ జాకెట్టే. జర పెద్ద మనిషిది."

కుట్లు ఒక్కొక్కటే విప్పి, ఏ ముక్క ఏదో సుద్దతో రాసుకుని, పాత పేపరు మీద కొలత తీశాను. లక్ష్మీనగర్ బజారు నుంచి కాక నల్ల రెగ్జిన్ తెచ్చాడు. గుడ్డయితే తప్పు కుట్టు విప్పితే గుర్తు మాసిపోతుంది. రెగ్జిన్‌కు సూది ఒకసారి దిగితే ఆ చిల్లు ఉండిపోతుంది. మిషను పాదం కింద అది కదలక మొరాయిస్తే కాస్త ముఖానికేసుకునే పౌడరు చల్లాను. అంచుల లోపల దారం పెట్టి, దిండు గలేబుకు పెట్టినట్టు పైపింగు తిప్పాను.

లోపలి మెత్త, పై తొడుగు అయిపోయాయి. అసలు సంగతి ఎత్తు. చిన్నమ్మ నొప్పి లేకుండా కూర్చుని లేచేది ఒకే చోట, ఇంటి ముందరి సిమెంటు అరుగు మీద. ఆమె లోపల ఉన్నప్పుడు కాక వచ్చి, ఒక పుల్లను అరుగు పక్కన నిలబెట్టి, ఎత్తు చూసి విరుచుకున్నాడు. ఆ పుల్లే ఆయనకు టేపు. గనిలో కప్పు కుంగే చోట దుంగలను అడ్డం ఒక వరస, నిలువు ఒక వరస పేర్చి గూడులా కడతారు, దాన్ని చాక్ అంటారు. కోత మిల్లు నుంచి గట్టి చెక్క తెచ్చి కారు నేల మీద అట్లాంటి చాక్ కట్టాడు, పుల్ల ఎత్తు వచ్చేదాకా. బోల్టులు బిగించాడు. దాని మీద సీటు పెట్టి, ఇనుప రాడ్డుతో చెక్కను కొట్టి చెవి పెట్టి విన్నాడు. గనిలో కప్పునూ అట్లాగే వింటారట. చప్పుడు గట్టిగా వస్తే భయం లేదు, డొల్లగా వస్తే పారిపోవాలి.

"మంచిగ మోగుతుంది" అన్నాడు తృప్తిగా. "గని మూతవడ్డా గిది వడది."

చిన్నమ్మ కిటికీలో నుంచి, గిన్నెలతో చెప్తున్నట్టుగా, "మోగుడు కాదు, ఎక్కేటోళ్ళు ఉండాలె" అంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, కాక డ్యూటీలో ఉండగా, తాటిపత్రి కింద ఏదో కదిలితే తొంగి చూశాను. చిన్నమ్మ సీటు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట ఒళ్ళోకి లాక్కుంది.

"నీడ ఉందని కూసున్న" అంది. "ఎవ్వలకు చెప్పకు."

నేను చెప్పలేదు. కాక మాత్రం ఆమె ఎక్కదనే బెంగతో ఇంకా ఎక్కువ పని చేశాడు. డ్రైవరు సీటును కూడా అంతే ఎత్తుకు లేపాడు. అది ఎందుకని అడిగితే వింతగా చూశాడు. "ఒకదిక్కు ఎత్తు, ఒకదిక్కు పల్లం ఉంటె బరువంత పల్లానికే దిగుతది బిడ్డా. సపోర్టంటె రెండు దిక్కుల సమానముండాలె." ఆయన ఉద్యోగంలో అది ప్రాణాలు కాపాడిన మాట. నాకూ సరిగ్గానే తోచింది. ఇంజను బాగుచేసిన మెకానిక్ సీట్లు లేనప్పుడే, బోర్లించిన డబ్బా మీద కూర్చుని కారు నడిపి చూసి వెళ్ళిపోయాడు. సీట్లు కట్టాక కాక వాటిని కొట్టి చూశాడు, ఊపి చూశాడు, మీద నిలబడి చూశాడు. నడిపి మాత్రం చూడలేదు.

రిటైరైన రోజు మే నెల ఎండ మండుతోంది. కాక ఆఖరి షిఫ్టుకు వెళ్ళాడు. కారును గేటు దగ్గరికి తేవడం పోశం వంతు. ఆయన నిక్కి డ్రైవరు సీటెక్కి, తాళం పెట్టి, కాళ్ళు చాపాడు. ఇంకా చాపాడు. పెడళ్ళు కింద ఎక్కడో ఉన్నాయి. అరుగు మీద పిల్లవాడిలా ఆయన కాళ్ళు గాలిలో ఊగాయి.

"వదినా, కాళ్ళు అందుతలేవు" అన్నాడు పోశం. "వీని చాక్ పాడుగాను! ఇగ టైం లేదు, జీపు పిలుస్త."

చిన్నమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, చెప్పులు వేసుకుని నడవడానికి సిద్ధంగా గడపలో నిలబడి ఉంది. పోశం ఫోను తీయడం చూసింది. కారు వైపు చూసింది.

"జీపెందుకు?"

"మరి గిది నడువదు గద!"

"నడువకుంటె నూకుండ్రి. ఇన్నేండ్లు బొగ్గు టబ్బులు నూకలేదా?"

ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తలుపు తీసి, అరుగు మీద కూర్చున్నట్టే కూర్చుంది. పొద్దున్నే తాటిపత్రి విప్పిన కారులో రెగ్జిన్ నిప్పులా కాలి ఉండటంతో వెంటనే లేచి, నా చేత తువ్వాల తెప్పించుకుని మళ్ళీ కూర్చుంది. బ్రేకు కూడా అందదు కాబట్టి, రెండు సీట్ల మధ్య ఉండే చేతి బ్రేకుకు పోశం ఇనుప గొట్టం తొడిగి పొడుగు చేశాడు. గొట్టం ఆమె చేతికిచ్చి, తాను పక్కన నడుస్తూ స్టీరింగు తిప్పుతుంటే లైనులో వాళ్ళమంతా గేటు దాకా నెట్టాం.

కాక పైకి వచ్చి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని గేటు బయటికి వచ్చేసరికి, ముందు అద్దానికి అంత పైన చిన్నమ్మ కనిపించింది. ఆయన మెడలో దండలతో అక్కడే ఆగిపోయాడు. తర్వాత గబగబా వచ్చి పక్కన ఎక్కాడు. స్టీరింగు పట్టుకున్నాడు. కాళ్ళు చాపాడు. ఆయన ముఖం చూస్తే అప్పుడే అర్థమైనట్టుంది.

"బ్రేకేది అనసూర్యా?" అన్నాడు మెల్లగా.

"నా చేతుల ఉన్నది. నువ్వు ముందటికి సూడు."

బ్యాండు మొదలైంది. వెనక నుంచి షిఫ్టు దిగిన వాళ్ళంతా చెమటలు కక్కుతూ నెట్టారు. గంటకు ఎంతో దూరం పోగల కారు డప్పు వెనక నడిచింది. ఎక్కడ ఆగాలో చిన్నమ్మ చెప్పలేదు, గొట్టం లాగింది. మార్కెట్ మూల మీద లాగింది, గుడి దగ్గర లాగింది, రాజకుమారి వాకిట్లో ఇంకా గట్టిగా లాగింది.

"రాజకుమారీ, దూప అయితుంది. మంచినీళ్ళు తే!"

రాజకుమారి చెంబు తెచ్చి, రెండు చేతులూ పైకెత్తి అందించింది. నెట్టేవాళ్ళలో ఒకడు, "సదన్నా, నీ కన్న మా వదిననే మంచి డ్రైవరే" అని అరిచాడు. కాక ముందుకే చూస్తున్నాడు. ఆ ముఖాన ఉన్న నవ్వు అప్పటికి గంట నుంచీ అట్లాగే ఉంది.

మర్నాడు ఆయన రంపం తీసుకుని కారు దగ్గరికి వచ్చాడు. చిన్నమ్మ అడ్డం నిలబడింది.

"నీ దిక్కు కోసుకుంటె కోసుకో. నా దిక్కు ముట్టినవంటె సూడు!"

సమానంగా లేని సపోర్టు ఆయన జీవితంలో కట్టలేదు. చివరకు తన వైపు చాక్ మొత్తం తీసేసి, ఇంజనీరు చెప్పిన ఎత్తుకు, అంటే నేల మీదికి దిగాడు.

ఇప్పుడు పొద్దు వాలాక ఇద్దరూ గోదావరి వంతెన దాకా వెళ్ళి వస్తారు. దూరం నుంచి చూస్తే కారులో చిన్నమ్మ ఒక్కతే, అంత ఎత్తున, తల మీద కొంగు కప్పుకుని వస్తూ కనిపిస్తుంది. కాక కనిపించడు. దగ్గరికి వచ్చాక మాత్రం మాటలు వినిపిస్తాయి.

"ఎదురుంగ లారీ వస్తుంది, జర పక్కకు దీస్కో."

"నాకు కనిపిస్తలేదే."

"నాకు కనిపిస్తుంది గద. తీస్కో."