మూడో రోజు సాయంత్రం సముద్రం

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీకు ఒక పూట చాలదు. అందుకని వాటిలో పెద్దదాన్ని ఒక్కదాన్నే చెబుతాను. మద్రాసు చూడడానికి పద్నాలుగు పేజీల ప్లాను వేసుకుని, మద్రాసు దాకా పోయి, మద్రాసు చూడకుండా తిరిగొచ్చిన మనిషిని మీరు ఎన్నడూ చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది వేంపల్లె. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన ఏడాది చలికాలం. శెనక్కాయ పంట ఇంటికి చేరింది. మా మేనమామ కూతురు రంగమ్మతో నాకు పెళ్ళయి ఏడాది కావస్తోంది. మద్రాసు ఇక మనది కాదని ఊళ్ళో పెద్దలంతా వాపోతుంటే, పూర్తిగా పరాయిది కాకముందే ఒకసారి చూసి రావాలని నన్ను పురుగు తొలిచింది. ఆ మాట రంగమ్మ చెవిన వేశాను.

"బావా, ఆడ సముద్రముంటాదంట గదా! చూపిస్తావా?" అంది.

"సముద్రమొక్కటేనా? మద్రాసంతా చూపిస్తా."

"నాకు సముద్రం చాలు."

పాపాఘ్ని ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ముంతతో నీళ్ళు తోడి బిందె నింపుకుంటూ పెరిగిన పిల్ల. అవతలి ఒడ్డు కనబడనన్ని నీళ్ళు ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమె ఆశ. ఎంత చిన్న కోరికో చూడండి! నోరు మూసుకుని రైలెక్కించి ఉంటే సరిపోయేది. కానీ నేను ఎస్సెల్సీ పాసైనవాణ్ణి. నోటుబుక్కు తీశాను.

ఎప్పుడో పరీక్ష రాయడానికి మద్రాసు పోయొచ్చిన హైస్కూలు అయ్యవారిని అడిగాను. శెనక్కాయల మండీ గుమాస్తాను అడిగాను. వాళ్ళు చెప్పింది సగం, నేను ఊహించింది సగం కలిపి మూడు రోజుల ప్లాను రాశాను. 'మొదటి రోజు ఉదయం ఏడు గంటలకు ఇడ్లీ. ఏడుంబావుకు రెండో ఇడ్లీ. ఎనిమిదికి బతికిన జంతువుల తోట. పదకొండుకు చచ్చిన జంతువుల మ్యూజియం.' ఇట్లా పద్నాలుగు పేజీలు. చిట్టచివరి పేజీలో, 'మూడో రోజు సాయంత్రం నాలుగింటికి బయలుదేరుట. రెండు గంటల ప్రయాణం. ఆరింటికి సముద్రము.'

ఆ రెండు గంటలు నాకు ఎవరూ చెప్పలేదు. నా సొంత తెలివి. మా పక్క నీళ్ళనేవి ఎప్పుడూ దూరంగానే ఉంటాయి. వేసవిలో బిందెడు మంచినీళ్ళకే మైలున్నర నడిచే ఊరు మాది. అలాంటిది, అన్ని నీళ్ళ కోసం ఎంత దూరం పోవాలో మీరే చెప్పండి!

"సముద్రం మొదటి రోజే చూద్దాం బావా," అంది రంగమ్మ.

"మంచిది ఎప్పుడూ కడాకు ఉండాలమ్మే. ముందే పాయసం తాగుతారా ఎవురన్నా?"

"నేను తాగుతా."

ప్లాను ప్లానే, గురువారం ప్రయాణం అన్నాను. ఇంతలో మా నాయన పంచాంగం పట్టుకొచ్చాడు.

"రేయ్, గురువారం దక్షిణానికి వారశూల. మద్రాసుకు పోయేదానికి లేదు. శుక్రవారం పోండి."

"శుక్రవారమైతే పద్నాలుగు పేజీలూ మళ్ళీ రాయాల నాయనా!"

"అట్లయితే రేపు బుధవారం, తొమ్మిదింటికి మంచి ఘడియ ఉండాది. ప్రస్థానం పెట్టు."

ఈ కాలం పిల్లలకు ప్రస్థానమంటే తెలియదు కాబట్టి చెబుతాను. మంచి ఘడియ ఒకనాడు, ప్రయాణం ఇంకొకనాడు పడితే, మనకు బదులు మన మూట బయలుదేరుతుంది. కావలసినవి ఒక మూట కట్టి, మంచి ఘడియలో తీసుకుపోయి, పోయే దారిలో ఎవరింట్లోనో పెట్టి వస్తాం. అంతటితో ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత వెళ్ళేటప్పుడు ఆ మూట తీసుకుని పోవడమే. శూల అనేది మూటకూ మనిషికీ తేడా తెలియని అమాయకురాలన్నమాట. ఒకటే నియమం, చేరాల్సిన ఊరు చేరేదాకా మూట విప్పకూడదు.

రంగమ్మ ఎర్రగళ్ళ తువ్వాలులో మూట కట్టింది. అందులో నా ప్లాను, దిగాల్సిన సత్రం చిరునామా, సముద్రం దగ్గర కట్టుకోవడానికని ఆమె పెళ్ళినాటి పట్టుచీర. బుధవారం తొమ్మిదింటికి దాన్ని మోసుకుని మస్తాన్ మామ ఇంటికి పోయాను. మస్తాన్ మామ దర్జీ. కడప రోడ్డు మీద, బస్సు ఆగే చోటనే ఆయన ఇల్లు. అందుకే ఊళ్ళో ఎవరి ప్రస్థానమైనా ఆయన ఇంట్లోనే. అప్పటికే ఆ మూలలో ఒక ఎర్రగళ్ళ మూట కూర్చుని ఉంది.

"అది గంగన్నది అల్లుడూ," అన్నాడు మామ, మిషను తొక్కుతూనే. "శనివారం కడప కోర్టులో పేషీ. శనివారం తూర్పుకు శూలంట. ఆయప్ప గూడా ఈ ఘడియకే పెట్టిపాయ."

గంగన్న తాత సంగతి ఊరంతటికీ తెలుసు. దాయాదులతో బావి మీద వ్యాజ్యం. ఆ బావి ఉంటే ఆయనకున్న మూడెకరాలూ చేను, లేకపోతే బీడు. బావి తన భాగానికి వచ్చినట్టు రాసి ఉన్న పాత కాగితం శనివారం కోర్టులో చూపిస్తేనే కేసు నిలుస్తుంది. కనబడిన ప్రతి మనిషికీ ఆ మాట చెప్పుకుని తిరుగుతున్నాడు ముసలాయన.

గురువారం పొద్దున బస్సు వచ్చింది. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నేను మామ ఇంట్లోకి ఒక్క ఉరుకు ఉరికాను. బస్సు మెట్టు మీద నుంచి రంగమ్మ అరిచింది.

"బావా, మనది రెండు ముళ్ళు! చూసి తీసుకో!"

"నాకు తెలుసులేమ్మే!"

నాకు తెలుసు! ఈ రెండు మాటలూ అనకుండా మగవాడు నోరు కట్టుకోగలిగితే లోకంలో సగం గొడవలు ఉండవు. చేతికందిన మూట పట్టుకుని బస్సెక్కాను. కడపలో రైలెక్కాం. మూట నా ఒళ్ళోనే ఉంది. నియమం ప్రకారం విప్పలేదు.

శుక్రవారం తెల్లవారి మద్రాసులో దిగాం. ఆ స్టేషను చూసి రంగమ్మ నా పంచె చెంగు పట్టుకుంది. నేను పట్టుకోవడానికి ఎవరి చెంగూ దొరకలేదు. ఎటు చూసినా జనం, ఎవరి నోట విన్నా అరవం. గంట ఏడయింది. ప్లాను ప్రకారం ఇడ్లీ వేళ.

"ఉండు, సత్రం యాడుందో చూస్తా," అని దర్జాగా మూట విప్పాను.

ఒక పాత పంచె. నాలుగు జొన్నరొట్టెలు. శెనక్కాయల పొడి. పంచె మడతలో, పసుపు పచ్చబడిన స్టాంపు కాగితం. కింద నాలుగు వేలిముద్రలు.

రంగమ్మ కాగితం వంక చూసింది, నా వంక చూసింది.

"బావా, ఇది గంగన్న తాతది."

ముసలాయన బావిని నేను మద్రాసుకు ఎత్తుకొచ్చాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా బుద్ధి ఊరుకుంటుందా?

"పోస్టులో పంపిద్దామా?"

"రేపు పొద్దున్నే కోర్టు. పోస్టు రెక్కలు కట్టుకుని పోతాదా?"

"మరి నీ సముద్రం?"

ఆమె ఒక్క క్షణం పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత గబగబా మూట కట్టేసింది, రెండు ముళ్ళు వేసి.

"సముద్రం యాడికీ పోదు. తాత బాయి పోతే మళ్ళీ రాదు. టికెట్లు తీసుకురాపో."

నాకు ఆ మాట విన్నాక ఆ పిల్ల మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. కడప వైపు బండి మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నారు. అంటే ఇంకా ఆరు గంటలు. రంగమ్మ మెల్లగా అడిగింది.

"ఈలోపల ఒక్కసారి పోయి చూసొస్తే?"

"పిచ్చిదానా! పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. పైగా ప్లాను లేదు, దారి తెలీదు. తప్పిపోయినామంటే బండి పోతాది, బాయి పోతాది."

"ఎవురినన్నా అడుగు బావా."

"నాకు తెలుసులే."

మళ్ళీ అన్నాను చూడండి! అట్లా ఆరు గంటలసేపు స్టేషను బెంచీ మీద కూర్చున్నాం. తాత రొట్టెల్లో రెండు తిన్నాం కూడా. దానికి ఆయన ఏమీ అనుకోలేదని తర్వాత తెలిసింది.

రాత్రికి కడప చేరి సత్రంలో తలదాచుకుని, శనివారం పొద్దున కోర్టుకు పరుగెత్తాం. వరండాలో గంగన్న తాత తల పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్ళో రంగమ్మ పట్టుచీర. పక్కన వకీలుగారి గుమాస్తా నా నోటుబుక్కు తిప్పుతూ గట్టిగా చదువుతున్నాడు.

"ఏడుంబావుకు రెండో ఇడ్లీ... గంగన్నా, ఇదేందప్పా? జడ్జిగారికి ఇది చూపియ్యాల్నా?"

"తాతా!" అని రంగమ్మ ఉరికి కాగితం ఆయన చేతిలో పెట్టింది. ముసలాయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. జరిగిందంతా నేను తల వంచుకుని చెప్పాను.

"నా బాయి కోసం సముద్రం ఇడ్సిపెట్టి వస్తివా తల్లీ?" అని ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అప్పుడు బంట్రోతు బయటికి వచ్చి కేకేశాడు.

"ఈ పొద్దు పేషీలన్నీ వచ్చే నెలకు వాయిదా! జడ్జిగారు సెలవు!"

"సెలవా? ఒంట్లో బాగలేదా?" అన్నాడు గుమాస్తా.

"బాగానే ఉండారు. పిల్లోళ్ళకు సముద్రం చూపిస్తామని నిన్ననే మద్రాసుకు పోయినారు."

నేను గోడకేసి చూస్తున్నాను. గుమాస్తా ఊరుకోవచ్చు కదా!

"అయినా మీరు సెంట్రల్‌లో ఆరు గంటలు కూర్చుంటిరే, ఒక నడక పోయి చూసి రాకపోతిరా? సముద్రం ఆడికి ఎంతప్పా, అరగంట!"

రంగమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపు ఎట్లా ఉందో నేను రాయను. మీకు పెళ్ళయి ఉంటే తెలిసే ఉంటుంది. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. తాత కూడా నవ్వాడు. చివరికి బంట్రోతు కూడా నవ్వాడు.

మరుసటి నెలలో తాత కేసు గెలిచాడు. ఇప్పుడు ఆయన లేడు, మస్తాన్ మామ లేడు. ఎవరి మూటలు ఎవరింట్లోనో నిశ్చింతగా పెట్టి వచ్చే రోజులు కూడా పోయాయి. తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మూడేళ్ళ తర్వాత మళ్ళీ మద్రాసు పోయాం. ప్లాను లేదు. రైలు దిగగానే రంగమ్మ మొదట కనబడిన కూలీనే అడిగింది. "అన్నా, సముద్రం యాడ?" ఆయన చెయ్యి చూపించాడు. ఆమె ముందు, నేను వెనక. అరగంట కూడా పట్టలేదు. పట్టుచీర తడిసిపోతున్నా పట్టించుకోకుండా ఆ నీళ్ళలో నిలబడి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వంగి దోసెడు నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, థూ అని ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్ళుండి గుక్కెడు తాగేదానికి పనికి రావే! దీనికా బావా నువ్వు పద్నాలుగు పేజీలు రాస్తివి? మన తాత బాయే మేలు!"

అక్కడే, ఆ ఉప్పునీళ్ళలో మోకాటి లోతున నిలబడి, చెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ప్లాను వేయను. దారి అడగడానికి నామోషీ పడను. ముడి చూడకుండా మూట ముట్టను. నేటి వరకు ఆ ప్రమాణం ఒక్కసారి కూడా తప్పలేదు. ఎందుకంటే ఆ తర్వాత రంగమ్మ నా చేతికి మూట ఇవ్వనే లేదు.