వామి బూజు

మొన్న పులివెందుల నుంచి వేములకు పోతుంటే, దారిపక్క కోత అయిన చేలో కొయ్యకాళ్ళు కాల్చిన చోట వాన పడింది. తడిసిన బూడిద వాసన బస్సులోకి కొట్టగానే పక్కనున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేనేమో కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ నల్లటి నేల మీద నారింజ రంగు కనిపిస్తుందేమోనని వెతికాను. ఈ పిచ్చి నాకు అంటించింది సుగుణమ్మ మేడం. ప్రొద్దుటూరు కాలేజీలో మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. నవ్వడం తక్కువ, తిట్టడం ఎక్కువ.

అవి పార్టీల పేరుతో ఊళ్ళు రెండుగా చీలిపోయిన రోజులు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పంచాయతీ ఎన్నికల ముందు ఎవరో మా గడ్డివామికి నిప్పు పెట్టారు. ఎవరో ఏమిటి, ఊరంతటికీ తెలుసు! పోలీసులు వచ్చి అడిగితే మాత్రం మా ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట: "తెల్దు సార్, మేం సూళ్ళేదు." వాన పడిన నాలుగు రోజులకు ఆ మసి మీద నారింజ పొడిలాంటి బూజు పూసింది. ఆ సంగతి క్లాసులో చెప్పానో లేదో, మేడం ఆదివారం చర్చి ముగించుకుని చెంచా, సీసా పట్టుకుని మా ఊళ్ళో బస్సు దిగారు. ఒకాయన అడ్డం నిలబడి "ఏ పార్టీ మనిషివమ్మా నువ్వు?" అని నిలదీశాడు. "నాది బూజు పార్టీ అప్పా, పక్కకు జరుగు" అన్నారు. ఆయన నిజంగానే జరిగాడు.

ఆ బూజును ల్యాబులో గాజు ట్యూబుల్లో పెంచాం. మూడు రోజులకోసారి చిటికెడు తీసి కొత్త ట్యూబులో వేస్తూ పోతే మామూలు బూజు ఎన్నాళ్ళైనా బతుకుతుంది. పోలికకు పెట్టిన, అదే నారింజ రంగు బేకరీ రొట్టె బూజు అలాగే హాయిగా పెరుగుతోంది. మా వామిది మాత్రం, సీసాలోని పొడితో మొదలుపెట్టిన రెండుసార్లూ, కొన్ని మార్పిళ్ళకే ముసలిదై చచ్చింది. "ఆమెకు ట్యూబులు కడగడం రాదు" అని తోటి లెక్చరర్లు నవ్వారు. మేడం అనుమానం వేరు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో దాని సొంత డీఎన్‌ఏ కాక, దారపు ముక్కలా రెండు కొసలతో ఇంకో చిన్న డీఎన్‌ఏ ఉంటుందని, దాన్ని ప్లాస్మిడ్ అంటారని చెప్పారు. "తల్లి బూజు నుంచి పిల్లలకొస్తాది. శానా దినాలు కిమ్మనకుండా ఉంటాది. ఒక దినం అసలు డీఎన్‌ఏలో దూరి కూర్చుంటాది. ఇంగ బూజుకు సత్తువ పోతాది." మూడోసారీ అలాగే చస్తే బెంగుళూరులో తన గురువుగారికి పంపి పరీక్ష చేయించాలని ఆమె పట్టుదల. ఆ ట్యూబులు నాకు అప్పగించారు.

అంతలో గొడవలతో బస్సులు ఆగిపోయాయి. రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళేసరికి ట్యూబులో బూజు అంగుళం పాకి ఆగిపోయి ఉంది. చిటికెడు తీసి కొత్తదాంట్లో వేసినా మొలవలేదు. నేనే చంపేశాననుకున్నాను. మేడం వెళ్ళగొడితే నాన్న చదువు మాన్పించేస్తాడు. ఆ మాట అప్పటికే రెండుసార్లు అన్నాడు. చచ్చిన ట్యూబును టిఫిన్ డబ్బాలో దాచి, కొత్త ట్యూబులో బేకరీ బూజు వేసి వామి చీటీ అంటించాను. మూడో రోజుకు అది భలేగా పెరిగింది.

దాన్ని చూసి మేడం కుర్చీలో కూలబడ్డారు. "వాళ్ళు చెప్పిందే నిజమేమో. నాకే కడగడం రాలేదేమో." ఆ గొంతులో అంత నీరసం నేనెప్పుడూ వినలేదు. తర్వాత ట్యూబును వెలుతురుకు పట్టి "ఉన్నట్టుండి ఇంత జోరు ఎట్లొచ్చింది మే? ఏమన్నా జరిగిందా?" అని అడిగారు.

"తెల్దు మేడం, నేను సూళ్ళేదు."

తడబాటు లేకుండా వచ్చేసింది. పుట్టినప్పటి నుంచి విన్న మాట కదా!

"నేనేమన్నా పోలీసునా మే?" అన్నారు మేడం. తిట్టి ఉంటే తప్పించుకునేదాన్ని. తిట్టలేదు. ఏడుస్తూ డబ్బా తెరిచి ట్యూబు ఆమె చేతిలో పెట్టాను. "ఆలస్యంగా వచ్చి నేనే సంపినా మేడం."

"రెండు దినాలకే యాడన్నా బూజు సస్తాదా? నెలైనా బతుకుతాది. ఇది నీ చేతిలో సావలేదే పిచ్చిదానా. నేను ఎతుకుతాండేది దీన్నే!"

"రేపటి నుంచి రావాల్నా, వద్దా మేడం?"

"రాకపోతే ట్యూబులు నీ నాయన మారుస్తాడా?"

బెంగుళూరు నుంచి ఉత్తరం వచ్చింది. మైటోకాండ్రియాలో ప్లాస్మిడ్ ఉంది. మా వామి నుంచే విడిగా పెంచి పంపిన ఇంకో ట్యూబులోనూ ఉంది, కానీ అది చావడం లేదట. అదెందుకో కూడా చూడమన్నారు. "లోపల అదున్నంత మాత్రాన సావాల్నని లేదు" అన్నారు మేడం. నాకు ఎక్కడలేని ఆశ పుట్టి "మా ఊరి కథ మాదిరే ఉంది మేడం" అన్నాను. "ఊరి సంగతి తర్వాత. ట్యూబు సంగతి రాయి" అని కసిరారు.

ఆమె రాసిన వ్యాసంలో తన పేరు పక్కన నా పేరు వేశారు. లోపల ఒక వాక్యం ఉంది: "ఒక ట్యూబును విద్యార్థిని భయంతో మార్చింది. ఆ సంగతి తనే చెప్పింది." పరువు పోతుంది, తీసెయ్యండని బతిమాలాను. "అదుంటేనే మిగిలిందంతా నమ్ముతారు" అన్నారు.

మేడం ఇప్పుడు లేరు. నేను పాఠాలు చెప్పుకుంటున్నాను. నా ల్యాబులో చేరే ప్రతి పిల్లకూ మొదటి రోజే ఆ వ్యాసం ఇచ్చి, ఆ వాక్యం గట్టిగా చదవమంటాను. చదివి, "ఎవరు మేడం ఆ విద్యార్థిని?" అని నవ్వుతూ అడుగుతారు.

"నేనే" అంటాను.