గొంతు పోయిన గుమ్మెటగాడిని దేవుడు పలికించిన విధము

ప్రియమైన సహోదరులారా, ఒకప్పుడు మా ఇంట్లో నవ్వు చచ్చిపోయింది! నేను బుర్రకథ దళంలో గుమ్మెట వాయించే హాస్యగాడిని, కర్నూలు, కడప జిల్లాల్లో నవ్వుల నాగన్న అంటే తెలియనివారు లేరు, కథకుడు కథ ఆపిన చోటల్లా అడ్డం తగిలి ప్రశ్న వేసి జనాన్ని కడుపుబ్బ నవ్వించడమే నా పని. అలాంటి నాకు రాయచోటిలో కథ చెప్పి వచ్చాక గొంతు వాచి, మాట పూర్తిగా పడిపోయింది! వాపు తగ్గింది గాని మాట రాలేదు, కర్నూలు డాక్టరు ఇక రాదని చెప్పేశాడు, దళంవాళ్ళు నా చోట వేరొకడిని పెట్టుకున్నారు. పిల్లలు పలకరించినా నేను గోడవైపు తిరిగి పడుకునేవాడిని, చావు వస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో!

నా భార్య రత్నమ్మ విశ్వాసి, నేనేమో అంతవరకు యేసయ్య గుడి గడప తొక్కినవాణ్ణి కాను. ఆమె నా మంచం పక్కన మోకరించి, "యేసయ్యా, ఊరినంతా నవ్వించిన మనిషి ఈడ రాయి మాదిరి పడుండాడు, నువ్వు తప్ప మాకు యాడా దిక్కు లేదు తండ్రీ" అని ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక ఆదివారం ఆమె వెంట కోడుమూరు గుడికి పోయి చివర కూర్చున్నాను.

పాస్టరు అయ్యగారు చచ్చి నాలుగు దినాలైన లాజరు సంగతి చెబుతున్నారు. యేసయ్య సమాధి ముందర నిలబడి అతణ్ణి పేరు పెట్టి పిలిచాడని చెప్పి, మంచినీళ్ళు తాగడానికి ఆగారు. అయ్యో, బుర్రకథలో కథకుడు ఆగితే హాస్యగాడు ఊరుకోకూడదు గదా! ఎక్కడున్నానో మరిచిపోయాను, చెయ్యి బల్లను దభీమని వాయించింది, నా నోట్లోంచి, "పిలిస్తే? ఏమాయప్పా, వచ్చినాడా లేదా?" అని కేక వచ్చింది!

గుడంతా నా వైపు తిరిగింది. ఆ గొంతు నాదేనని నాకే తెలియలేదు! రత్నమ్మ ఆడవాళ్ళ మధ్యనుంచి లేచి నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అయ్యగారు గ్లాసు కింద పెట్టి, ఏడుస్తూ నవ్వుతూ, "వచ్చినాడు నాగన్నా! వచ్చినాడు!" అన్నారు. జనమంతా స్తోత్రం స్తోత్రం అని లేచారు, దేవునికే మహిమ!

గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, తెల్లవార్లూ కథలు చెప్పలేను, అయినా నాకు దిగులు లేదు, ఇంటికి పోగానే పిల్లల్ని పేరు పేరునా పిలిచాను, అది చాలదా! సహోదరులారా, సహోదరీలారా, గోడవైపు తిరిగి పడుకున్నవారు మీలో ఎవరైనా ఉంటే భయపడకండి. ఆయనకు మీ పేరు తెలుసు. పిలుస్తున్నాడు, లేచి రండి!