కుడిచేతి మనిషి

ఆ వీధిలో ఇస్త్రీ షాపు ఎక్కడని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. ఎడంచేతి షాపు ఎక్కడని అడగండి, నిద్రలో లేపినా చూపిస్తారు. షాపు పెట్టిన పెద్దాయనది ఎడంచేతి వాటం, ఆయన కొడుకుదీ అదే వాటం. బల్ల, ఇస్త్రీ పెట్టెను ఆనించే ఇనుప దిమ్మ, బట్టల గుట్ట, మడతల అర, అన్నీ ఆ చేతికి తగ్గట్టే అమర్చి ఉంటాయి. పెద్దాయనను పెళ్ళాడినప్పటి నుంచీ ఆ షాపులో నిలబడి పనిచేసిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడది కుడిచెయ్యి. ఈ కథ ఆవిడదే.

కాపురానికొచ్చిన కొత్తలో మొగుడికి సాయం చేద్దామని ఆవిడ ఆ బల్ల దగ్గర ఒక చొక్కా అందుకుంది. మోచెయ్యి వెళ్ళి గోడకు తగిలింది, పెట్టె జారి ఆయన కాలి పక్కన పడింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! వారం తిరక్కుండానే నన్ను కుంటివాణ్ణి చేస్తావా?" అని ఆయన పకపకా నవ్వాడు. ఇంకొకడైతే చెయ్యి చేసుకునేవాడు. ఆయన మాత్రం నవ్వి, ఆవిడకు నీళ్ళు చిలకరించే పనీ మడతలు పెట్టే పనీ ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆవిడ మళ్ళీ పెట్టె పట్టింది లేదు.

అలాగని నోరు కట్టేసుకుని కూర్చునే రకం కాదు. కాలరు చూసి మనిషి కథంతా చెప్పేది. "ఈయనకి ఆఫీసులో బాగా తిట్లు పడుతున్నాయిరా చిన్నోడా, చెమట చూడు" అనేది. చిన్నోడంటే కొడుకు. నెత్తిన సగం జుట్టు రాలిపోయి, పెళ్ళాం ఉండి, ఇద్దరు పిల్లల తండ్రై కూడా తల్లి నోట్లో వాడు చిన్నోడే, దాంతో వీధి మొత్తానికీ చిన్నోడే అయ్యాడు. ఇచ్చిన బట్టలు వెనక్కి తీసుకెళ్ళకుండా నెలలు గడిపే పెద్దమనుషులుంటారు చూడండి, వాళ్ళ దుప్పట్లు చూపించి "ఇవి మనకి కట్నంగా ఇచ్చార్రా" అనేది. షాపులో నవ్వు ఉందంటే అది ఆవిడ వల్లనే.

పెద్దాయనకు బొగ్గుల పెట్టె అంటేనే ప్రాణం. కరెంటు పెట్టె కొనిచ్చినా పక్కన పెట్టేశాడు. "అది బట్టని పలకరించి పోతుందంతే, మడత కూర్చోదు" అనేవాడు. అంత బరువును ఎడంచేత్తో రోజంతా తోసే మనిషికి ఎడం భుజం నొప్పి పుట్టిందంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఇస్త్రీ చేసేవాడికి చెయ్యి నొప్పి ఉండడమంటే వంటమనిషి ఒంటికి పొగ వాసన ఉండడం లాంటిదే, దాన్ని ఎవరూ జబ్బనరు. ఆవిడ పాత తువ్వాలు మడత పెట్టి, దాన్ని ఆ పెట్టె కిందే వేడి చేసి, భుజానికి కాపడం పెట్టేది. ఆయనకు హాయిగా ఉండేది. మళ్ళీ పెట్టె అందుకునేవాడు. కొన్ని వారాలు ఇలాగే నడిచింది.

ఒక ఉదయం చొక్కా వీపు సగం అయ్యింది. ఆయన పెట్టెను జాగ్రత్తగా దిమ్మ మీద పెట్టాడు, బట్ట మాడకుండా. తర్వాత గోడకు జారగిలబడి కూర్చున్నాడు. అంతే. ఆసుపత్రికి చేరేసరికి చెయ్యగలిగింది ఏమీ లేదు.

డాక్టరు కుర్రవాడే. "ఎడం భుజం నొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగాడు. ఆవిడ చెప్పింది. కాపడం సంగతీ దాచకుండా చెప్పింది. "అమ్మా, అది చేతి నొప్పి కాదు. గుండె అన్నాళ్ళ నుంచీ కబురు పెడుతూనే ఉంది. అప్పుడే తీసుకొచ్చి ఉంటే..." అని, మిగిలింది మింగేశాడు.

డాక్టరు మింగేశాడు గానీ చిన్నోడు మింగలేదు. ఆసుపత్రి వరండాలో అంతమంది ముందు తల్లి ముఖం మీదే అనేశాడు. "కాపడం పెట్టి పెట్టి నాన్నని చంపేశావు కదమ్మా!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నిజానికి కొన్నిసార్లు అదీ తీసుకోవచ్చు. ఆ సాయంత్రమే తల్లి పక్కన కూర్చుని "ఏదో కడుపు మండి అన్నానమ్మా" అంటే తీరిపోయేది. అనలేదు. మర్నాడూ అనలేదు. ఆ తర్వాత బట్టల మూటలు వచ్చిపడ్డాయి, పని మొదలైంది. ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ఆ మాట మాత్రం చెప్పులో రాయిలాగా ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

ఆవిడ ఎదురు చెప్పలేదు, ఏడ్చి గోల చెయ్యలేదు. కొడుకు ఎడంచెయ్యిని పట్టుకుంది. పట్టుకుందంటే మామూలుగా కాదు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే "చెయ్యెలా ఉందిరా?" మధ్యాహ్నం కంచం ముందు "లాగుతోందా?" సాయంత్రం "భుజం దాకా పాకుతోందా?" వాడి సిగరెట్లు మాయమయ్యేవి, అడిగితే ఎలుకలు ఎత్తుకెళ్ళాయనేది. కూరల్లో ఉప్పు తగ్గింది, నూనె కనపడకుండా పోయింది. పెందలాడే వాణ్ణి లేపి నడకకు తరిమేది. "అత్తయ్యా, ఆయన్ని బతికించడానికి మా నాలుకలు చంపేస్తున్నారు" అని కోడలు వాపోతే, "నాలుక పోతే పోయింది, మొగుడున్నాడు కదే" అనేది.

మరి నీ సంగతేమిటమ్మా అని అడిగితే కుడిచెయ్యి గాల్లో ఆడించి చూపించేది. "నాది కుడిచెయ్యి. నాకేం కాదు."

వినడానికి హాస్యంగా ఉంటుంది. కానీ ఆ ఇంట్లో అందరూ దాన్ని నిజంగానే నమ్మారు, నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి అది. డాక్టరు ఎడం భుజం అన్నాడు. పోయిన మనిషి ఎడంచేత్తో బరువు తోసిన మనిషి. అంతకన్నా రుజువేం కావాలి? గుండె జబ్బంటే ఎడంచేతివాటం వాళ్ళకు ఆ చేతిలోంచి పాకే రోగమని వాళ్ళ లెక్క. బళ్ళో చదువుకున్న చిన్నోడు కూడా అదే అనుకున్నాడు. పెట్టె పట్టని ఆవిడకు, అందులోనూ కుడిచేతి మనిషికి, అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒక్కసారి మాత్రం ఆవిడ నోరు విప్పింది. దుప్పటికి చెరో అంచూ పట్టుకుని మడత పెడుతున్నారు. "ఒరే, నిజంగానే నేనే చంపానంటావా?" అంది, దుప్పటి వంకే చూస్తూ. చిన్నోడికి స్పష్టంగా వినపడింది. వినపడనట్టు, "అవతల స్కూలు యూనిఫాంల మూట విప్పమ్మా, టైమైపోతోంది" అన్నాడు. ఆవిడ దుప్పటి మడిచి అరలో పెట్టి మూట విప్పింది.

చివరికి వాడికీ ఎడం భుజం నొప్పి వచ్చింది. ఇక చూడండి ఆవిడ కంగారు. అన్నం ముట్టదు, నిద్ర పోదు. "నా మీద ఎంత కోపమైనా పెట్టుకో, ఆసుపత్రికి మాత్రం రా" అని కాళ్ళావేళ్ళా పడింది. పెళ్ళాం కూడా వెంటపడడంతో షాపు మూసి బయల్దేరాడు.

గుండె పరీక్షలు చేసే గది పై అంతస్తులో ఉంది. ఆవిడ సగం మెట్లెక్కి ఆగింది, మళ్ళీ ఎక్కి మళ్ళీ ఆగింది. దవడ మీద చెయ్యి పెట్టుకుని ఉంది, నుదుటన చెమట పట్టింది. "ఏమైందమ్మా?" అంటే, "పాడు పన్ను. నాలుగు రోజులుగా సలుపుతోంది. నువ్వు పద, వాళ్ళు పిలుస్తారేమో" అంది.

ఛాతీకి తీగలు తగిలించి కాగితం తీసే నర్సమ్మ ఎంత మంచిదో. చిన్నోడి పని అయ్యాక ఆవిడ వంక చూసి, "ఏంటమ్మా, అలా వాడిపోయున్నారు? ఇప్పుడెవరూ లేరు, మీకూ ఒకటి తీసేస్తాను, పడుకోండి" అంది. 

"నాది కుడిచెయ్యమ్మా, నాకెందుకు?" అంది ఆవిడ. నర్సుకు ఏమర్థమవుతుంది? జోకనుకుని నవ్వింది. అయినా వదలకుండా చిన్నోడి వంక చూసింది. 

వాడి కళ్ళముందు హోటలు వాళ్ళ దుప్పట్ల గుట్ట మెదిలింది, సాయంత్రానికి ఇవ్వాలి. "పన్ను నొప్పండీ ఆవిడకి, అంతే. ఇంకోసారి చూద్దాం" అని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

డాక్టరు కాగితం చూసి గుండె భేషుగ్గా ఉందన్నాడు. ఇది కండరాల నొప్పి, చెయ్యికి కాస్త విశ్రాంతి ఇవ్వు చాలన్నాడు. ఆవిడ ఆ డాక్టరుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. దారి పొడుగునా మాటలే మాటలు. పెద్దాయన పోయాక ఆ నోట్లోంచి అన్ని మాటలు రావడం అదే మొదలు. ఆయన తన పెళ్ళి చొక్కాను తనే మాడ్చుకున్న కథ చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూసి చిన్నోడు, ఆ రోజు వరండాలో అన్నది తప్పమ్మా అని చెప్పేద్దామనుకున్నాడు. నడి రోడ్డు మీద ఏం బావుంటుంది, ఇంటికెళ్ళాక చెబుదాంలే అనుకున్నాడు. ఇంటికెళ్ళేసరికి హోటలు మనిషి షాపు ముందు నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత పన్ను నొప్పి ఎక్కువైంది. వీపు మధ్యలో ఎవరో తాడేసి బిగించినట్టుందని కూడా అంది. నాలుగు మడతలు పెట్టి కూలబడేది. "వంగి వంగి పట్టేసిందమ్మా" అన్నాడు చిన్నోడు. పళ్ళ డాక్టరు దగ్గరికి ఆదివారం వెళ్దామన్నాడు. ప్రేమ లేక కాదు. ప్రేమ ఉండబట్టే పాత తువ్వాలు మడిచి, పెట్టె కింద వేడి చేసి, తన చేత్తో ఆవిడ దవడకు కాపడం పెట్టాడు. "హాయిగా ఉందిరా" అంది ఆవిడ. అలా ఎన్నిసార్లు పెట్టాడో.

ఆదివారం రానేలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ నీళ్ళ గిన్నె పక్కన పెట్టి బట్టల మూటకు చేరగిలబడింది. కునుకు తీస్తోందిలే అనుకుని చిన్నోడు చప్పుడు కాకుండా పని చేసుకున్నాడు. చొక్కాలు వరసగా అవుతున్నాయి. నీళ్ళు చిలకరించాల్సినవి వచ్చాక "అమ్మా" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. దగ్గరికెళ్ళి భుజం పట్టుకుంటే తల పక్కకు వాలిపోయింది. వాడు వేసిన కేక వీధి చివరిదాకా వినపడింది.

ఆసుపత్రిలో పెద్దాయన పోయినప్పుడు చూసిన కుర్ర డాక్టరే ఉన్నాడు. "చెయ్యి నొప్పి లేదండీ, ఒట్టు, ఏ చెయ్యీ నొప్పి లేదు! పన్ను నొప్పంతే!" అని చిన్నోడు అరుస్తున్నాడు. డాక్టరు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు. "గుండె నొప్పి అందరికీ చేతిలోకే రాదు బాబూ. దవడలోకి రావచ్చు, వీపులోకి రావచ్చు. ఒక్కోసారి కడుపులో మంటే వస్తుంది, లేదంటే ఊరికే నీరసం, చెమట. ఆడవాళ్ళలో ఇలా ఎక్కువగా చూస్తాం. ఏ చేతివాటమైతే దానికేంటి?" అన్నాడు. ఎవరూ ముందే ఎందుకు చెప్పలేదని చిన్నోడు అడగబోయాడు. నర్సమ్మ పరుపు చూపించి పడుకోమన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

మట్టి చేసి వచ్చాక ఇంటినిండా జనం. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఒకరు, అనాయాసంగా పోయింది అదృష్టవంతురాలు అని ఇంకొకరు. అదృష్టమట! పోయినావిడ చెల్లెలు, చిన్నోడికి పిన్ని, అక్కకు ప్రాణంలో ప్రాణం. జనం పల్చబడేదాకా ఆగి ఆమె వచ్చి వాడి పక్కన కూర్చుంది. 

వాడు దాచుకోలేదు. మెట్ల మీద ఆగిన సంగతి, నర్సు అడిగిన సంగతి, దుప్పట్ల తొందర, దవడకు పెట్టిన కాపడం, అన్నీ చెప్పాడు. "నేనే పిన్నీ. కాపడం పెట్టి పెట్టి నేనే పోగొట్టుకున్నాను" అని తల వంచి కూర్చున్నాడు. ఆమె తిడుతుందని, చెంప పగలగొడుతుందని ఎదురుచూశాడు. కొడితే బావుండుననిపించింది.

పిన్ని వాడి తల మీద చెయ్యి వేసింది. "నీకేం తెలుసురా నాన్నా! తెలిసి చేశావా? మంచి జరుగుతుందనే కదా పెట్టావు. నీ తప్పేం లేదు. ఊరుకో" అంది. ఒక్క క్షణమైనా ఆలోచించుకోలేదు, ఊపిరి వదిలినంత తేలిగ్గా అనేసింది.

చిన్నోడు తలెత్తి పిన్ని వంక చూశాడు. తర్వాత, "ఈ మాట నేను అమ్మకి చెప్పలేదు పిన్నీ" అన్నాడు.

తల నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది. పిన్నికి ఆ సంగతి తెలుసు. అక్క ఇన్నాళ్ళూ ఏడ్చింది ఆమె దగ్గరే.