జెండా కింద పంచె

కొత్త పంచెల గంజి వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

పెదనాయనది ఒక పార్టీ, మా నాయనది ఇంకోటి. పెదనాయన చనిపోయిన రోజు నాయన తువ్వాలలో ఏదో చుట్టి చంకన పెట్టుకున్నాడు. నాటుబాంబే అనుకున్నాను.

"ఆడంతా వాళ్ల మనుషులే ఉండారు. పాప చేయి పట్టుకొని పో, ఏమీ చేయరు" అంది అమ్మ, నన్ను నాయన వైపు తోస్తూ.

శవం మీద వాళ్ల పార్టీ జెండా ఉంది. నాయన తువ్వాలలో చేయి పెట్టగానే కళ్లు మూసుకున్నాను.

"జెండా తీయొద్దన్నా" అన్నారెవరో.

"తీయనప్పా, దాని కింద కప్పుతా."

కళ్లు తెరిచేసరికి నాయన తన అన్న ఒంటి మీద కొత్త పంచె కప్పి, జెండా మళ్లీ పరిచి ముడతలు సర్దుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఏడవడం అలా కూడా ఉంటుందని తెలియని వయసు. నాయనకూ భయమేసిందనుకుని గట్టిగా ఏడ్చేశాను.

పెదనాయన కోసమే అనుకుని ఆ పార్టీవాళ్లు నా తల నిమిరారు.