పుట్టింటికి వెళ్ళిన గడియారం

రామాంజినప్ప మంచివాడే కానీ నోటికి తొందరెక్కువ. ఆ తొందరే ఆయనకు నాలుగు నెలల పాటు ముద్ద గొంతు దిగకుండా చేసింది.

చింతామణి బస్టాండు వెనక సందులో ఆయనది నాలుగడుగుల వాచీ అంగడి. నలభై ఐదేళ్ళుగా అదే బల్ల, కంటికి అదే అద్దం. సెల్‌ఫోన్లు వచ్చాక వాచీలు కట్టేవాళ్ళు తగ్గిపోయారు. అయినా పాత వాచీలున్నవాళ్ళు బాగేపల్లి నుంచీ చిక్కబళ్ళాపురం నుంచీ ఆయన్ను వెతుక్కుంటూ వస్తారు. వాచీలు బాగుచేసేవాళ్ళ మీద లోకానికి ఒక అనుమానం ఉంది కదా, లోపలి మంచి సామాను తీసుకుని నాసిరకం పెడతారని! రామాంజినప్పను ఆ మాట ఈ తాలూకాలో ఒక్కరూ అనలేదు. ఆయన సంపాదించుకున్న ఆస్తి అదే. మిగతాదంతా చూస్తే ఒక రేకుల ఇల్లు, మోకాళ్ళ నొప్పులు.

ఫిబ్రవరిలో ఒక రోజు మంజుశ్రీ వచ్చింది. చిక్కబళ్ళాపురంలో కాలేజీ లెక్చరర్. వాళ్ళ నాన్న పిళ్ళప్ప, గూళూరు శనక్కాయల వ్యాపారి, అంతకు ముందు ఏడాదే కాలం చేశాడు. ఆయన చేతికి కట్టుకున్న స్విస్ వాచీ ఆమె తెచ్చింది. బంగారు కేసు. ఎప్పుడో కోలారు గనుల్లో పనిచేసిన ఇంజినీరు దగ్గర పిళ్ళప్ప మోజుపడి కొన్నది. కాసేపు నడిచి ఆగిపోతోంది. రామాంజినప్ప మూత తీసి చూశాడు. లోపలి చక్రం ఇరుసు అరిగిపోయింది, ఆ సామాను ఎక్కడా దొరకదు.

"బెంగళూరులో వాళ్ళకూ వీళ్ళకూ చూపించొద్దమ్మా. దీన్ని చేసినోళ్ళకే పంపు. పుట్టింటికి పోయినట్ల పోయి, నిగనిగలాడతా వస్తాది చూడు," అన్నాడు గొప్పగా.

ఆమె సరేనంది. దూదిలో చుట్టి పెట్టెలో పెట్టింది కూడా ఆయనే. మంజుశ్రీ బస్సెక్కిపోయింది. రామాంజినప్ప టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

అయ్యో రామా! పుట్టింటికి పంపమన్నాడు సరే. పిల్ల ఒంటిమీద వాత కనిపిస్తే పుట్టింటివాళ్ళు ఊరుకుంటారా?

తొంభై ఒకటిలో జరిగిన సంగతి అది. ఇదే వాచీ విప్పి, నూనె వేసి, మళ్ళీ బిగిస్తున్నాడు. కీ బయటికి లాగి తిప్పితే ముళ్ళు తిరగాలి, లోపలికి నొక్కి తిప్పితే స్ప్రింగు బిగుసుకోవాలి. ఆ రెండు పనులనూ సర్దే సన్నని ఉక్కు పట్టీ ఒకటి లోపల ఉంటుంది, బియ్యపు గింజంత. మరను ఒక చుట్టు ఎక్కువ తిప్పాడు. టక్కుమని పట్టీ రెండు ముక్కలైంది. పిళ్ళప్పకు నాలుగు రోజులాగమని కబురు చేసి, పాత గోడ గడియారం స్ప్రింగు ముక్క తీసుకుని, ఆకురాయితో రుద్ది, కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ రుద్ది, అలాంటిదే ఇంకొకటి చేశాడు. అచ్చు గుద్దినట్టు కూర్చుంది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. బాగుచేసిన ప్రతిసారీ వెనక మూత లోపల సూదిమొనతో తన పేరులోని మొదటి అక్షరమూ సంవత్సరమూ గీకడం ఆయన అలవాటు. ఆ ఒక్కసారి చెయ్యి రాలేదు.

తరవాత ముప్పై ఏళ్ళు పిళ్ళప్ప ఆ అంగడికి వచ్చినప్పుడల్లా పక్కవాళ్ళకు ముంజేయి చాపి చూపించేవాడు. "చూడప్పా, లోపల ఒక్క సామాను మార్లేదు. అంతా ఒరిజినల్. మా రామాంజినప్ప చెయ్యి అట్లాంటిది!" రామాంజినప్ప నవ్వలేక నవ్వేవాడు. పిళ్ళప్ప పోయాక ఇక ఆ బాధ తీరిందనుకున్నాడు, పిచ్చి మనిషి.

భార్య తిమ్మక్క నాలుగు రోజులు చూసింది, అయిదో రోజు నిలదీసి సంగతంతా రాబట్టింది.

"దొంగతనమేమన్నా చేసినావా? లేదు గదా. ఫోన్ చేసి చెప్పెయ్యప్పా."

"చెయ్యలేదని నీకు తెలుసు. ఆ పిల్లకెట్ల తెలుస్తాది? వాళ్ళ నాయన నన్ను పొగిడి పొగిడి పాయ. ఇప్పుడు కంపెనీవాడు రాసి పంపిస్తాడు, ఈ సామాను మాది కాదని. అసలుది యాడ అమ్ముకున్నాడో ముసిలోడు అనుకోదా?"

"అందుకే వాడు చెప్పకముందే నువ్వు చెప్పు."

చెప్తాలే అన్నాడు. ఫోను చేతిలోకి తీసుకోవడం, కింద పెట్టడం. ఏప్రిల్‌లో మంజుశ్రీయే ఫోన్ చేసింది.

"అప్పా, కంపెనీవాళ్ళు వాచీ విప్పి చూసి మెయిల్ పంపినారు. కొన్ని సామాన్లు మార్చాలంట. సరేనని రాసినా."

ఏవేవి అని అడగాలి. "మంచిదమ్మా," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. "ఇంకేమన్నా చెప్పేదుండాదా అప్పా?"

"ఏం లేదమ్మా."

ఆ మాటకు తన్ను తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

జూన్‌లో మొదటి వాన పడ్డ ఆదివారం ఆమె అంగడికి వచ్చింది. చేతిలో పెట్టె. దాని మీద కంపెనీ ముద్ర అలాగే ఉంది. "మీ ముందరే విప్పుదామని తెచ్చినా," అంటూ అట్ట మీద గోరు పెట్టింది.

"ఆగమ్మా! విప్పొద్దు," అన్నాడు రామాంజినప్ప. అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "దాంట్లో కీ పక్కనుండే పట్టీ కంపెనీది కాదు. నేను చేసింది. తొంభై ఒకటిలో అసలుది నా చేతిలోనే విరిగిపాయ. మీ నాయనకు చెప్పే మొగం లేక, గోడ గడియారం స్ప్రింగుతో చేసి పెడితి. అమ్ముకోలేదు తల్లీ, తిమ్మక్క మీద ఆన. అన్నేండ్లు చెప్పకుండా ఉండేది మాత్రం నా తప్పే. తిట్టు, పడతా."

మంజుశ్రీ స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు ఏప్రిల్‌లోనే తెలుసప్పా. మెయిల్‌లో ఫోటో కూడా పెట్టినారు."

"తెలిసీ నన్ను అడగలేదా?"

"అడిగినాక చెప్పేది వేరే, మీ అంతట మీరు చెప్పేది వేరే. ఫోన్‌లో చెప్తారనుకుంటి. ఈ పొద్దు కూడా నోరు మెదపకుండా ఉండింటే వాచీ చూపించి పోయేదాన్ని. ఇంక ఈ మెట్టు ఎక్కేదాన్ని కాదు."

అబ్బా! రామాంజినప్పకు ఎంత ఊపిరొచ్చిందంటే, బల్ల మీది చిన్న మరలు రెండు ఎగిరి కింద పడ్డాయి. వాటిని ఏరుకునే నెపంతో తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

వాచీ బయటికి వచ్చింది. టిక్కుటిక్కుమని ఎంత నిలకడగా నడుస్తోందో! దాంతోపాటు ఒక కాగితం, ఒక చిన్న కవరులో తీసేసిన పాత సామాన్లు. మంజుశ్రీ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది.

"ఈ పట్టీ మా తయారీ కాదు, చేత్తో చేసింది. బాగానే పనిచేస్తాంది. మా రూలు ప్రకారం మార్చినాము. ఇదప్పా, రాసింది."

"బాగానే అని రాసినారా?"

"రాసినారు." కవరులోంచి ఆ పట్టీని తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది మీదే."

అద్దం లేకుండానే గుర్తుపట్టాడు. ఆకురాయి గీతలు కూడా ఇంకా ఉన్నాయి. ఉన్నట్టుండి సొరుగు లాగి సూది తీశాడు.

"అమ్మా, ఆ మూత ఒక్క నిమిషం తీస్తా. తొంభై ఒకటి గీకాల. ఆ పొద్దు గీకలేకపోతిని."

"అయ్యో, ముట్టుకోవద్దు!" వాచీని గుండెకు అదుముకుంది మంజుశ్రీ. "రెండేండ్లు గ్యారంటీ. వేరేవాళ్ళు మూత తీస్తే పోతాదంట."

"రెండేండ్లా? అప్పటికి నాకు డెబ్బై మూడు!"

"ఉంటే ఉండనీండి. రెండేండ్లయినాక నేనే తెస్తా. ఆ సూది తుప్పు పట్టకుండా చూసుకోండి."

ఆమె బస్సెక్కాక రామాంజినప్ప సూదికి నూనె రాసి, గుడ్డలో చుట్టి, పట్టీతోపాటు సొరుగు ముందు అరలో పెట్టాడు. పట్టపగలే అంగడి మూసేసి ఇంటికి పోయి, వాకిట్లో నుంచే కేకేశాడు.

"తిమ్మక్కా, సంగటి పెట్టు. రెండు ముద్దలు. ఇంకా రెండేండ్లు గట్టిగా ఉండాల నేను!"